నిలబడి అడిగిన ప్రశ్న

భ్రమరాంబగారిని ఏదైనా అడగాలంటే ముందు కూర్చోవాలి. నిలబడి అడిగిన ప్రశ్న ఆవిడకు వినబడదు. అలాగని చెవుడేమీ లేదు. వీధి మలుపులో ఏడుపు వినబడితే ఏ పిల్ల వస్తోందో పేరు పెట్టి చెప్పగలరు. కానీ ఎదురుగా నిలబడి ఎంత గొప్ప సందేహం వెలిబుచ్చినా తల ఎత్తకుండా "కూర్చుని అడుగు" అనేవారు. కూర్చోవడానికి అక్కడ కుర్చీలు ఉండేవా అంటే అదీ లేదు. పిల్లల కోసం చేయించిన చిట్టి బల్లలు, ఆవిడ కూర్చునే పొట్టి పీట, కాదంటే నేల. ఒకసారి ఎవరో పెద్దమనిషి బడి చూడటానికి వచ్చి, ఆ చిట్టి బల్ల మీదే కూర్చుని, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా ప్రశ్నలు వేశాడట. అడగాలనుకున్నవాటిలో సగం మరిచిపోయి, పిల్లలతో కాసేపు బంతి దొర్లించి వెళ్ళాడట. ఆ మనిషి మళ్ళీ వచ్చాడా అంటే, చాలాసార్లు వచ్చాడంటారు.

బందరులో ఆవిడ సొంత ఇంటి ముందు హాలే ఆ బాలబడి. వానాకాలం నీళ్ళు లోపలికి రాకుండా ఆ వీధిలో ఇళ్ళన్నీ ఎత్తుగా కట్టారు. ఆవిడ ఇంటికీ వీధిలోంచి ఎత్తయిన మెట్లుండేవి. చిన్నపిల్లలకు చదువు చెప్పాలనుకునే ఆడపిల్లలు కోర్సులు ముగించుకుని వచ్చి ఆవిడ దగ్గర కొన్నాళ్ళు పని నేర్చుకునేవారు. అయితే ఆవిడ ఏదైనా నేర్పగా చూసినవాళ్ళు లేరు. ఎవరేమడిగినా "చూద్దాం" అనేవారు. అది దాటవేత అని కొందరు, గర్వం అని మరికొందరు అనుకునేవారు. నాకు ఆ తగాదాతో పనిలేదు. అక్కడ జరిగినదాన్ని నేను విన్నంతవరకు రాస్తున్నాను.

నాగసుధ ఆవిడ దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాది నిండలేదు. పసిపిల్లల మనసుల గురించి పెద్ద చదువే చదివి వచ్చింది. మంచి పిల్ల. ఒళ్ళు దాచుకునే రకం కాదు, పిల్లల మీద విసుక్కునే రకమూ కాదు. ఆమెతో చిక్కల్లా ఒక్కటే. ఏ ప్రశ్నకైనా అవుననో కాదనో ఒక జవాబు తప్పకుండా ఉంటుందనీ, అది తనకు తప్ప మిగతా అందరికీ తెలుసనీ ఆమె నమ్మకం. వచ్చిన కొత్తలోనే పెద్ద అట్ట మీద మొహాలు గీసి, రంగులు వేసి, గోడకు తగిలించింది. నవ్వు మొహం, ఏడుపు మొహం, కోపం మొహం, భయం మొహం. పొద్దున రాగానే పిల్లలందరూ ఆ అట్ట దగ్గరికి వెళ్ళి, ఆ వేళ తమ మొహం ఏదో వేలు పెట్టి చూపించాలి. లోపల ఏముందో గుర్తుపట్టి దానికో పేరు పెట్టుకోవడం పిల్లలకు అలవాటు కావాలని ఆమె ఉద్దేశం. ఉద్దేశానికి వంక పెట్టలేం. భ్రమరాంబగారు కూడా అట్టని చూసి "బాగుంది" అన్నారు. ఇంకాసేపు చూసి, "చేతులు గియ్యలేదేం?" అన్నారు. మొహాలకి చేతులెందుకని నాగసుధ నవ్వి ఊరుకుంది.

ఒక శనివారం పొద్దున ఆటల వేళ చెక్కబండి దగ్గర గొడవ వచ్చింది. మణిదీప్ అనే నాలుగేళ్ళవాడు బండి తాడు పట్టుకున్నాడు. యోగిత అనే పిల్ల కూడా అదే తాడు పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు లాగారు. బండి ఎవరిదో తేలేలోపల మణిదీప్ కుడిచేత్తో ఆ పిల్లని ఒక్క తోపు తోశాడు. యోగిత వెళ్ళి బల్ల అంచు మీద పడింది. పెదవి చిట్లి గౌను మీదంతా రక్తం. నాగసుధ పరుగున వచ్చి పిల్లని ఎత్తుకుంది, నోరు కడిగింది, చన్నీళ్ళ గుడ్డ అద్దింది. రక్తం ఆగాక మణిదీప్‌ని పిలిచి ఎదురుగా నిలబెట్టింది.

"చూడు, యోగితకి ఎంత దెబ్బ తగిలిందో. సారీ చెప్పు."

వాడు యోగిత పెదవి వంక చూస్తూ నిలబడ్డాడు. చెప్పలేదు. బుజ్జగించింది, గొంతు పెంచింది, సారీ చెప్పేస్తే హాయిగా ఆడుకోవచ్చని ఆశపెట్టింది. వాడు పెదవి విప్పలేదు. చివరికి విసిగి, "అయితే వెళ్ళి గోడ దగ్గర నిలబడు. చెప్పాలనిపించినప్పుడు వచ్చి చెప్పు" అంది. వాడు వెళ్ళి, సరిగ్గా ఆ మొహాల అట్ట కిందే, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి అటునుంచి టప్ టప్ అని చప్పుడు మొదలైంది. "గోడని కొట్టకు, చేతులు కట్టుకో" అంది నాగసుధ దూరం నుంచే. చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ చేతులు కట్టుకోమంది. మధ్యలో భ్రమరాంబగారు మరమరాల పళ్ళెం పట్టుకుని వాడి వెనకగా వెళుతూ ఆ వీపు చూసి ఒక క్షణం ఆగారు. అవతల పిల్లలు ఆకలితో గోల పెడుతుంటే వెళ్ళిపోయారు. మధ్యాహ్నం వాళ్ళ నాయనమ్మ వచ్చి తీసుకుపోయేదాకా ఇదే వరస.

సాయంత్రం యోగిత తల్లి సౌజన్య మరో ఇద్దరు ముగ్గురు తల్లులతో కలిసి వచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. మాట పెళుసే గాని మనిషి చెడ్డది కాదు. పిల్ల పెదవి చూసుకుని మధ్యాహ్నం నుంచీ కుమిలిపోతోంది.

"పిల్లలన్నాక పడతారు, దెబ్బలు తగులుతాయి, నేను కాదనను. కానీ అంత రక్తం వస్తే ఆ అబ్బాయి ఒక్క సారీ చెప్పలేదంటే ఏమనుకోవాలి? మా పాప ఇంటికొచ్చి అదే చెబుతోంది, వాడు సారీ చెప్పలేదమ్మా అని. సోమవారం మా పాప ముందు చెప్పించండి. లేదంటే వాడైనా ఇక్కడ ఉండాలి, మా పాపైనా ఉండాలి" అంది. అందరూ వింటుండగానే అంది. వెంట వచ్చిన తల్లులు తలలూపారు కూడా.

వాళ్ళు వెళ్ళాక నాగసుధ పెరటి వరండాలోకి వచ్చింది. భ్రమరాంబగారు పీట మీద కూర్చుని, విరిగిన బొమ్మల కాళ్ళూ చేతులూ అతికిస్తున్నారు.

"అమ్మా, తప్పు చేసిన పిల్లవాడి చేత..."

"కూర్చుని అడుగు."

నాగసుధ నేలమీద కూర్చుంది. "తప్పు చేసిన పిల్లవాడి చేత సారీ చెప్పించాలాండీ, వద్దాండీ? బలవంతాన చెప్పిస్తే మాట వస్తుంది గాని మనసు రాదంటారు. చెప్పించకపోతే ఎదుటివాళ్ళ బాధ వాడికి ఎప్పటికి తెలుస్తుందంటారు. నేను రెండూ చదివాను. రెండూ నిజమే అనిపిస్తుంది. వీడు చూస్తే మొండి. నోరు మెదపకపోగా, గోడని కొడుతూ నిలబడ్డాడు. పోనీలే అని వదిలేద్దామంటే సోమవారానికి తేలకపోతే వాడు బడి మానాల్సొస్తుంది."

"మానితే ఎక్కడికి పోతాడు?"

"కార్ఖానాకి. వాళ్ళమ్మా నాన్నా రోల్డుగోల్డు పనిలో ఉన్నారు. నాయనమ్మ కూడా అక్కడే పూసలు గుచ్చుతుంది. ఇక్కడ చేరకముందు వాణ్ణి అక్కడే ఓ మూల కూర్చోబెట్టేవాళ్ళట. ఆసిడ్ తొట్లు, పొయ్యిలు. ఆ పొగకి వాడికి ఎప్పుడూ దగ్గేనట." వాడంటే నాగసుధకు ఇష్టం. ఇష్టమైన పిల్లవాడే ఇలా చేసేసరికి కోపం రెండింతలైంది.

భ్రమరాంబగారు బొమ్మ చెయ్యి ఒకటి అతికించి, ఆరేదాకా పట్టుకుని కూర్చున్నారు. తర్వాత, "నాకు తెలిస్తే ఇప్పుడే చెప్పేదాన్ని. సోమవారం నువ్వు పాఠం పెట్టుకోకు. నా పక్కన కూర్చో" అన్నారు.

"కూర్చుని ఏం చెయ్యనండీ?"

"కూర్చోవడమే."

ఇంతకన్నా జవాబు రాదని నాగసుధకు అర్థమైంది. అంత చదువు చదివి వచ్చి చివరికి కూర్చోవడం నేర్చుకుంటున్నానా అని ఆ రాత్రి ఉడుక్కుంది కూడానట. ఆ సంగతి ఆమే నవ్వుతూ చెప్పింది.

సోమవారం పొద్దున ఇద్దరూ వీధి గుమ్మం పక్కన, ఒకరు పీట మీద, ఒకరు నేలమీద కూర్చుని ఉండగా మణిదీప్ నాయనమ్మ నాంచారమ్మ మనవణ్ణి రెక్క పట్టుకుని వచ్చింది. రోజూ నవ్వుతూ వచ్చే మనిషి ఆ వేళ మొహం కందగడ్డలా చేసుకుని ఉంది. ఏదో గట్టిగా అడగడానికే వచ్చిందని చూస్తేనే తెలుస్తోంది. ఆ విసురులో మనవడి అడుగు చూసుకోలేదు. పై మెట్టు దగ్గర వాడి బొటనవేలు తగిలి బోర్లా పడ్డాడు. గుక్కపట్టి ఏడుపు.

నాంచారమ్మ తను వచ్చిన పని మరిచిపోయింది. మనవణ్ణి లేవనెత్తి, మెట్టు ముందు వంగి, అరచేత్తో దాన్ని ఫెడీ ఫెడీమని కొట్టడం మొదలెట్టింది.

"నా బంగారాన్నే పడేస్తావా! నా తండ్రినే పడేస్తావా! ఇదిగో! ఇదిగో! చూడు నాన్నా, ఏడుస్తోంది చూడు. ఇంకెప్పుడూ పడెయ్యదులే."

వాడు ఏడుపు ఆపి మెట్టు వంక చూశాడు. వెక్కుతూనే తల ఊపాడు. దారిన పోయే పూలమనిషి నవ్వుకుంటూ వెళ్ళింది. నాగసుధ కూడా నవ్వింది. ఆమె చిన్నప్పుడు వాళ్ళమ్మ మంచం కోళ్ళనీ, తలుపునీ, ఒకసారైతే రుబ్బురోలునీ ఇలాగే కొట్టింది. మనలో ఆ ముచ్చట జరగని ఇల్లు ఎక్కడుంది? భ్రమరాంబగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ మెట్టుని కాదు, పిల్లవాణ్ణి చూస్తున్నారు.

మెట్టుకి శిక్ష పడ్డాక నాంచారమ్మకి తన కోపం గుర్తొచ్చింది. మనవడి కుడిచెయ్యి పట్టి ముందుకు చాపింది. చెయ్యి వెనకభాగం ఎర్రగా కమిలి, వేళ్ళ కణుపుల దగ్గర వాచి ఉంది.

"ఈడి చెయ్యి చూడండమ్మా! శనివారం ఇంటికొచ్చినకాడ్నుంచీ అన్నం ముద్ద పట్టుకోలేకపోతన్నాడు. పసోడమ్మా! తప్పు చేశాడనుకో, చెప్పుకోవాలి గాని చెయ్యి వాసేలా కొడతారా? మీ సుధ టీచరమ్మ అట్టాంటిది కాదనుకున్నా. ఇక మావోణ్ణి పంపను. పలక, గళాసు ఇచ్చెయ్యండి, తీసుకుపోతా."

నాగసుధ చటుక్కున లేచి నిలబడింది. "నేను కొట్టలేదండీ! ఒట్టు. వేలు కూడా వెయ్యలేదు."

"వెయ్యకపోతే చెయ్యి దానికదే వాసిందా?"

ఈ గొడవలోనే సౌజన్య కూతుర్ని తీసుకుని వచ్చింది. కాలేజీకి వేళవుతున్న మనిషి. యోగిత పెదవి మీద నల్లగా చెక్కు కట్టి ఉంది. సంగతి వినగానే సౌజన్య ఊరుకోలేకపోయింది. "చెయ్యి కాస్త కమిలితేనే ఇంత బాధపడుతున్నారే, మరి మా పాప పెదవి చూశారా?" అంది. "మీ పాపని కావాలని తోశాడా ఏంటి?" అంది నాంచారమ్మ. "కావాలని కాకపోతే సారీ చెప్పడానికి నోరెందుకు రాదు?" అంది సౌజన్య. గొంతులు పెరిగాయి. వీధిలో ఒకరిద్దరు ఆగారు. నాగసుధకు ఏం చెయ్యాలో తోచక కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"కూర్చుని మాట్లాడండమ్మా," అన్నారు భ్రమరాంబగారు. ఇద్దరూ వినిపించుకోలేదు. ఆవిడ కూడా మళ్ళీ అనలేదు. లోపలికి నడిచి, తన పీట వేసుకుని కూర్చున్నారు. చెప్పాల్సిన మనిషి లోపల కూర్చున్నాక వాకిట్లో అరిచి ప్రయోజనం లేదు. ఇద్దరూ వెనకే వచ్చారు, చిట్టి బల్లల మీద కూర్చున్నారు. ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ సౌజన్య, మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ నాంచారమ్మ. మోకాళ్ళు గడ్డం కిందికి వచ్చాక ఎంతటివాళ్ళకైనా పెద్దగా అరవడం కష్టం. మాటలు కోపంగానే ఉన్నాయి గాని కాస్త మెల్లగా వచ్చాయి. నాగసుధ నేలమీద చతికిలబడింది. యోగిత తల్లి మోకాలి పక్కన నిలబడింది. మణిదీప్ నాయనమ్మ చెయ్యి విడిపించుకుని నీళ్ళ డ్రమ్ము వెనక్కి వెళ్ళి నక్కాడు.

"చెప్పరా నాన్నా," అంది నాంచారమ్మ అటు తిరిగి. "భయం లేదు, నేనున్నా. నీ చెయ్యి ఎవరు కొట్టారు? టీచరమ్మే కదా?"

డ్రమ్ము వెనకనుంచి, "కాదు. నేనే" అని వినబడింది.

"చూశారా! ఎంత భయపెట్టారో చూశారా!" అంది నాంచారమ్మ. ఆ మాట ఎవరూ నమ్మలేదు. నాగసుధ కూడా నమ్మలేదు. తన చెయ్యి తను వాచేలా ఎవరు కొట్టుకుంటారు? ఆ ఒక్క జవాబుతో తన పని అయిపోయిందనే ఆమె అనుకుంది.

"ఇవన్నీ నాకెందుకండీ," అంది సౌజన్య భ్రమరాంబగారితో. "వాణ్ణి మా పాపకి సారీ చెప్పమనండి. చెప్పకపోతే మీ నిర్ణయం మీరు తీసుకోండి. నాకు క్లాసుంది."

ఈలోగా యోగిత ఏమీ తోచక పెదవి మీది చెక్కుని గిల్లుకుంది. అది కాస్త లేచి, చిన్న రక్తపు చుక్క కనిపించింది. "అమ్మా, నొప్పి" అంది.

ఆ మాటకి మణిదీప్ డ్రమ్ము వెనకనుంచి బయటికి వచ్చాడు. పెద్దవాళ్ళెవరి వంకా చూడలేదు. తిన్నగా యోగిత ముందుకొచ్చి నిలబడి, ఆ రక్తపు చుక్క చూశాడు. ఇప్పుడు చెబుతాడనుకుంది నాగసుధ. చెప్పు నాన్నా, ఒక్క మాట, అని మనసులోనే బతిమాలుకుంది.

వాడు చెప్పలేదు. యోగిత పక్కన ఖాళీగా ఉన్న చిట్టి బల్ల మీద తన కుడిచెయ్యి పెట్టాడు, బోర్లించి, వేళ్ళు చాపి. ఎడమ అరచెయ్యి ఎత్తి దానిమీద ఫెడీమని కొట్టాడు.

"యోగితనే పడేస్తావా!"

టప్ అని చప్పుడైంది. శనివారం గోడ దగ్గర విన్న చప్పుడే.

"యోగితనే పడేస్తావా! ఇదిగో! ఇదిగో!"

ప్రతి దెబ్బకీ తలెత్తి ఆ పిల్ల మొహం చూస్తున్నాడు. నొప్పి పోయిందా లేదా అని చూస్తున్నాడు. వాచిన చెయ్యి కదా, దెబ్బ దెబ్బకీ వాడి కళ్ళల్లోంచి నీళ్ళు బుగ్గల మీదికి కారుతున్నాయి. ఆ నీళ్ళు కారుతుండగానే ఎంతో నమ్మకంగా, పెద్దవాడు పసిదాన్ని ఊరడించినట్టు అన్నాడు:

"చూడు, ఏడుస్తోంది చూడు. ఇంకెప్పుడూ పడెయ్యదులే."

నాంచారమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. భ్రమరాంబగారు పీట మీదనుంచి ముందుకు వంగారు, వాడి చెయ్యి పట్టుకోవడానికే. కానీ యోగిత ఇంకా దగ్గరగా ఉంది. ఆ పిల్లా ఈ ఊరి పిల్లే, వాళ్ళింట్లోనూ అమ్మమ్మ ఉంది. జరుగుతున్నదేమిటో అక్కడున్న అందరికన్నా ముందు దానికే అర్థమైంది. మళ్ళీ లేచిన ఎడమచేతిని పట్టుకుని ఆపింది.

"చాల్లే. పాపం, చెయ్యి ఏడుస్తోంది" అంది. అని, వంగి, ఆ వాచిన చేతిమీద "ఉఫ్" అని ఊదింది.

వాడు కాసేపు ఊదించుకుని, "నీ నొప్పి పోయిందా?" అని అడిగాడు.

యోగిత నాలుకతో పెదవి తడిమి చూసుకుంది. "కొంచెం పోయింది. కొంచెం ఉంది."

వాడు ముందుకు వంగి, ఆ పిల్ల పెదవి మీద ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాడు. తుంపర పడి యోగిత మొహం తుడుచుకుంటూ పకపకా నవ్వింది. నవ్వితే పెదవి సాగి నొప్పెట్టి మళ్ళీ "అబ్బా" అంది. వాడు మళ్ళీ ఊదాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ పెద్దవాళ్ళతో పని లేకపోయింది. చెక్కబండి దగ్గరికి వెళ్ళారు. వాడు తాడు తీసి ఆ పిల్ల చేతికిచ్చాడా అంటే, లేదు, తనే పట్టుకున్నాడు. కాకపోతే ఆ పిల్లని బండిలో ఎక్కమన్నాడు.

మొదట నోరు విప్పింది నాంచారమ్మ. "ఆ మాటలు నావేనమ్మా," అంది. "మెట్టుకి చెప్పినయ్యి. ఆడు చెయ్యికి చెప్పుకున్నాడు. నా బంగారు తండ్రి." కొంగు కళ్ళకద్దుకుంది. కాసేపటికి నాగసుధ వైపు తిరిగి, "నిన్ను అనరాని మాటన్నా, తల్లీ" అంది. నాగసుధ ఆమె చెయ్యి పట్టుకుంది గాని, ఆ క్షమాపణకు తను తగననిపించింది. తను కొట్టలేదు, నిజమే. చేతులు కట్టుకోమని మాత్రం అంది, చప్పుడైనప్పుడల్లా, దూరం నుంచే.

సౌజన్య ఇంకా ఆ చిట్టి బల్ల మీదే కూర్చుని ఉంది. క్లాసుకి వేళ మించిపోతున్న సంగతి గుర్తు లేనట్టుంది. కాస్త తేరుకుని, పట్టుదల కొద్దీ కాబోలు, "ఇంతకీ సారీ అయితే చెప్పలేదుగా" అంది. ఆ మాట అంటుంటే ఆమెకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బండిలో ఉన్న యోగిత అది విని, "అమ్మా, వాడు చెయ్యిని కొట్టేశాడమ్మా, ఇంక చెయ్యదంట" అని అక్కడినుంచే తల్లికి నచ్చజెప్పింది. వాడు ఉండాలా, మా పాప ఉండాలా అన్న మాటని సౌజన్య వెనక్కి తీసుకోలేదు. మళ్ళీ ఎత్తనూ లేదు. మర్నాడు వేళకి కూతుర్ని తెచ్చి దింపి వెళ్ళింది. నాంచారమ్మ పలకా గ్లాసూ అడగలేదు.

భ్రమరాంబగారు మణిదీప్‌ని తరవాత దగ్గరికి పిలిచి, చేతికి చన్నీళ్ళ గుడ్డ చుట్టారు. చుడుతూ, "ఈ చెయ్యి ఎవరిదిరా?" అని అడిగారు. వాడు ఆలోచించి, "నాది" అన్నాడు. "నీదైతే దీన్ని బాగా చూసుకో. బండి లాగాలి, అన్నం తినాలి, యోగిత పడితే లేపాలి. చాలా పనులున్నాయి దీనికి" అన్నారు. వాడు గుడ్డ చుట్టిన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. శనివారంనుంచీ దాన్ని తన ఒంటికి సంబంధం లేనిదానిలా మోసుకు తిరిగినవాడు, అప్పుడు దాన్ని పొట్టకు ఆనించుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం నాంచారమ్మ వాణ్ణి తీసుకుపోవడానికి వచ్చింది. దిగేటప్పుడు ఆ మెట్టే మళ్ళీ తగిలింది, పొద్దున దెబ్బ తగిలిన వేలికే. వాడు కూలబడి ఏడుపు అందుకున్నాడు. నాంచారమ్మ చెయ్యి అలవాటుగా లేచింది. లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది. కొట్టకుండా ఊరుకోబెట్టడం ఎలాగో ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళలో అలాంటి అవసరమే రాలేదు. కాసేపు అలాగే నిలబడి, చివరికి మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ ఆ మెట్టు మీదే వాడి పక్కన కూర్చుంది.

"నొప్పెడతందా?"

వాడు తల ఊపాడు.

"బాగానా?"

మళ్ళీ తల ఊపి, ఆమె ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పొద్దునకన్నా చాలాసేపే ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు. వీపు నిమురుతూ కూర్చుంది. ఎండ మెట్టు మీదికి వచ్చింది, అయినా కదల్లేదు. ఏడుపు దానంతటదే అయిపోయాక వాడు లేచి, ముక్కు తుడుచుకుని, మెట్టు చూసుకుని దిగాడు.

నాగసుధ గుమ్మంలోంచి ఇదంతా చూసి లోపలికి వచ్చింది. హాల్లో పిల్లలెవరూ లేరు. భ్రమరాంబగారు పీట మీద కూర్చుని బల్లలు తుడుస్తున్నారు. గోడమీద మొహాల అట్ట గాలికి కొద్దిగా ఊగుతోంది. నాగసుధ ఎవరూ చెప్పకుండానే వెళ్ళి నేలమీద కూర్చుంది.

"అమ్మా, శనివారం నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు. వాడిచేత చెప్పించాలా, వద్దా?"

భ్రమరాంబగారు చేతిలో గుడ్డ పిండి, ఆరేశారు.

"వాడు శనివారమే చెప్పాడమ్మా," అన్నారు. "అప్పుడు మనం నిలబడి ఉన్నాం."